శాసనకర్తల షేర్లు: లెక్క అడిగిన రెండు శతాబ్దాలు

అమెరికా తొలి ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1790 జనవరి 14న ప్రభుత్వ రుణంపై తన నివేదికను ప్రతినిధుల సభ ముందుంచాడు. స్వాతంత్ర్య యుద్ధంలో సైనికులకు జీతం బదులుగా, సరుకు ఇచ్చినవారికి సొమ్ము బదులుగా ప్రభుత్వం చేతిలో పెట్టిన రుణపత్రాలు అప్పటికి ముఖవిలువలో కొద్ది భాగానికే అమ్ముడవుతున్నాయి. వాటిని పూర్తి విలువకు గుర్తించాలని, రాష్ట్రాల యుద్ధ రుణాలను కూడా కేంద్రమే తలకెత్తుకోవాలని హామిల్టన్ ప్రతిపాదించాడు. ఈ సంగతి అప్పటి రాజధాని న్యూయార్క్‌లో ఉన్నవారికి ముందు తెలిసింది. దక్షిణాది పల్లెల్లో పత్రాలు దాచుకున్న మాజీ సైనికుడికి ఆ కబురు చేరాలంటే వారాలు పడుతుంది. ఆ వారాల తేడాలోనే లాభం ఉంది.

పెన్సిల్వేనియా సెనేటర్ విలియం మెక్లే ఆ రోజుల్లో దినచర్య రాసుకునేవాడు. రుణపత్రాలు కొనడానికి ప్రతినిధుల సభ సభ్యుడు జెరెమయా వాడ్స్‌వర్త్ రెండు చిన్న ఓడలను దక్షిణాదికి పంపాడని, పెద్ద మొత్తాలతో వెళ్తున్న వార్తాహరులు దారిలో కనిపించారని సహచరులు చెప్పుకున్న మాటలను అందులో నమోదు చేశాడు. ఈ బేరంలో అందరికంటే లోతుగా దిగింది కాంగ్రెస్ సభ్యులేనేమోనన్న భయం కూడా వెలిబుచ్చాడు. అయితే ఆ దినచర్య పూర్తిగా అచ్చయింది 1890లో. అంటే సభలో కూర్చున్న మనిషికి కలిగిన అనుమానం బయటి ప్రపంచానికి చేరడానికి నూరేళ్లు పట్టింది.

శాసనకర్తల సొంత పెట్టుబడులపై ప్రజలు పెట్టిన నిఘా చరిత్ర ఇక్కడినుంచే మొదలవుతుంది. ఆ చరిత్ర పొడవునా రెండు ప్రశ్నలు నడుస్తాయి. ఎంత ఉంది అన్నది ఒకటి, ఎప్పుడు కొన్నారు లేదా అమ్మారు అన్నది రెండోది. మొదటిదానికి జవాబు దొరికితే సభ్యుడి సంపద తెలుస్తుంది. పదవికీ సంపదకూ ఉన్న సంబంధం తేలాలంటే రెండోదానికి జవాబు కావాలి. చట్టాలు మొదటి ప్రశ్నకు కొంత సులువుగానే ఒప్పుకున్నాయి, రెండోదాని దగ్గర మాత్రం ఎప్పుడూ వెనకాడాయి.

అధికారికి నిషేధం, సభ్యుడికి మనస్సాక్షి

హామిల్టన్ శాఖను స్థాపించిన 1789 సెప్టెంబరు 2 నాటి చట్టంలో ఒక కఠినమైన నిబంధన ఉంది. ఖజానా శాఖ ఉన్నతాధికారులు వ్యాపారంలో పాలుపంచుకోకూడదు, ప్రభుత్వ రుణపత్రాలు కొనకూడదు. ఉల్లంఘిస్తే 3,000 డాలర్ల జరిమానా, పైగా ఉద్యోగం ఊడుతుంది. ప్రభుత్వ రుణాన్ని నిర్వహించే మనిషి దానిమీద సొంత బేరం ఆడకూడదన్న సూత్రాన్ని తొలి కాంగ్రెస్ చక్కగానే గ్రహించింది. కానీ ఆ రుణానికి ఎంత విలువ కట్టాలో ఓటేసి నిర్ణయించే తమకు మాత్రం ఆ సూత్రాన్ని వర్తింపజేసుకోలేదు.

దీనికి కేవలం స్వార్థమే కారణం అనలేం. అధికారి స్థానంలో మరో అధికారిని కూర్చోబెట్టవచ్చు. సభ్యుడు ఓటుకు దూరంగా ఉంటే అతన్ని ఎన్నుకున్న నియోజకవర్గమే గొంతు కోల్పోతుంది. రైతు సభ్యుడు వ్యవసాయ బిల్లుపై, వర్తకుడైన సభ్యుడు సుంకాలపై ఓటేయకూడదంటే సభే నడవదు. సెనేట్ అధ్యక్ష స్థానంలో ఉండగా థామస్ జెఫర్సన్ కూర్చిన సభా విధానాల కరదీపికలో, సొంత ప్రయోజనం ముడిపడిన బిల్లు వచ్చినప్పుడు సభ్యుడు తప్పుకోవాలన్న నియమం ఉంది. ఆచరణలో ఆ నిర్ణయం సభ్యుడి మనస్సాక్షికే వదిలేశారు. సొంత ఆర్థిక ప్రయోజనం ఉన్న వ్యవహారంలో అధికారి జోక్యం చేసుకుంటే నేరమని 1962లో చట్టం మరింత స్పష్టం చేసినప్పుడు కూడా కాంగ్రెస్ సభ్యులు దాని పరిధికి బయటే ఉన్నారు.

తొలితరం నాయకుల పెట్టుబడుల లెక్క మొదటిసారి క్రమపద్ధతిలో తీసింది చరిత్రకారుడు చార్లెస్ బియర్డ్. 1913లో వెలువడిన అమెరికా రాజ్యాంగ ఆర్థిక వ్యాఖ్యాన గ్రంథం కోసం ఆయన ఖజానా శాఖ పాత లెడ్జర్లను తిరగేశాడు. 1787 రాజ్యాంగ సభకు హాజరైన 55 మందిలో కనీసం 40 మంది పేర్లు ప్రభుత్వ రుణపత్రాల ఖాతాల్లో కనిపించాయని చూపాడు. పుస్తకం పెద్ద దుమారమే లేపింది. 1950లలో రాబర్ట్ బ్రౌన్, ఫారెస్ట్ మెక్‌డొనాల్డ్ ఆ వాదాన్ని గట్టిగా ఖండించారు. బియర్డ్ వాడిన ఖాతాల్లో చాలావరకు రాజ్యాంగ సభ ముగిసిన తర్వాతి కాలానివి. అలాంటి ఖాతాలో పేరు కనిపించినంత మాత్రాన, 1787లో సంతకం చేసేనాటికి ఆ పత్రాలు ఆ మనిషి దగ్గర ఉన్నాయని రుజువు కాదు. ఎంత అన్నది తెలిసి, ఎప్పుడు అన్నది తెలియకపోతే వాదం ఎక్కడ కుంటుతుందో చెప్పడానికి ఈ వివాదం తొలి ఉదాహరణ.

ఏమ్స్ జేబు పుస్తకం

అంతర్యుద్ధ కాలంలో రైలుమార్గం ఖండాన్ని దాటడం మొదలుపెట్టింది. 1862 చట్టం కింద యూనియన్ పసిఫిక్ కంపెనీకి ప్రభుత్వం బాండ్ల రూపంలో అప్పు, మైళ్ల లెక్కన భూములు ఇచ్చింది. నిర్మాణ కాంట్రాక్టులు క్రెడి మొబిలియే అనే మరో కంపెనీకి వెళ్లాయి. రెండింటి వెనకా ఉన్నది దాదాపు ఒకే మనుషులు. తమకు తామే ఎక్కువ ధరకు కాంట్రాక్టు ఇచ్చుకుని, ఆ లాభాన్ని డివిడెండుగా పంచుకున్నారు.

ఆ మనుషుల్లో ఒకడు మసాచుసెట్స్ ప్రతినిధి ఓక్స్ ఏమ్స్. 1867-68 చలికాలంలో అతను తోటి సభ్యులకు ఈ కంపెనీ షేర్లు ముఖవిలువకే ఇచ్చాడు. వాటి అసలు విలువ అంతకు చాలా ఎక్కువ. చేతిలో డబ్బు లేదన్నవారికి అరువు పెట్టాడు, వచ్చే డివిడెండుతోనే ఆ అప్పు తీర్చుకోవచ్చన్నాడు. చాలా షేర్లు కంపెనీ పుస్తకాల్లో కొన్నవారి పేరుకు మారలేదు. ఏమ్స్ పేరుమీదే, ట్రస్టీ హోదాలో ఉండిపోయాయి. బయటివాడు ఎంత వెతికినా అక్కడ ఒక్క సభ్యుడి పేరూ దొరకని ఏర్పాటు అది.

గుట్టు విప్పింది ప్రభుత్వ తనిఖీ కాదు, వ్యాపార భాగస్వాముల తగాదా. తన వాటా తనకు ఇవ్వలేదని హెన్రీ మెకోంబ్ కోర్టుకెక్కాడు. షేర్లను ఎక్కువ మేలు చేయగల చోటుల్లో పెడుతున్నానన్న అర్థంలో ఏమ్స్ అతనికి రాసిన ఉత్తరాలు 1872 సెప్టెంబరులో న్యూయార్క్ సన్ పత్రికకెక్కాయి. అది అధ్యక్ష ఎన్నికల సంవత్సరం. వెర్మాంట్ ప్రతినిధి ల్యూక్ పోలాండ్ అధ్యక్షతన సభ విచారణ సంఘం వేసింది. అక్కడ ఏమ్స్ తన జేబు పుస్తకం తెరిచాడు. ఎవరికి ఎన్ని షేర్లు, ఎంత డివిడెండు అన్నవన్నీ అందులో ఉన్నాయి. ఒక శాసనసభ సభ్యుల స్టాక్ లావాదేవీలు వరుసగా బహిరంగమైన తొలి సందర్భాల్లో ఇదొకటి.

ఫలితం స్వల్పం. ఏమ్స్‌నూ, న్యూయార్క్ ప్రతినిధి జేమ్స్ బ్రూక్స్‌నూ బహిష్కరించాలని సంఘం సిఫారసు చేస్తే, 1873 ఫిబ్రవరి 27న సభ నిందా తీర్మానంతో సరిపెట్టింది. మూడు నెలలు తిరక్కుండానే ఇద్దరూ చనిపోయారు. ఉపాధ్యక్షుడు స్కైలర్ కోల్‌ఫాక్స్ రాజకీయ జీవితం అక్కడితో ముగిసింది. 329 డాలర్ల డివిడెండు తీసుకున్నాడన్న ఆరోపణ ఎదుర్కొన్న జేమ్స్ గార్ఫీల్డ్ మాత్రం నిలదొక్కుకున్నాడు. 1880లో అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ప్రత్యర్థులు గోడల మీద 329 అని మాత్రమే రాసేవారు. దాని అర్థం ఓటర్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. అయినా గార్ఫీల్డ్ గెలిచాడు. సభ్యుల షేర్ల వివరాలు నమోదు చేయాలన్న చట్టం మాత్రం ఎవరూ తేలేదు.

సభ వాతావరణం ఎంతకూ మారలేదనడానికి 1894 పంచదార వ్యవహారం మరో సాక్ష్యం. సుంకాల బిల్లు సెనేట్‌లో నలుగుతుండగా సెనేటర్లు పంచదార ట్రస్టు షేర్లతో బేరాలాడుతున్నారని పత్రికలు రాశాయి. విచారణలో పెన్సిల్వేనియా సెనేటర్ మాథ్యూ క్వే దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. తనకు నచ్చినప్పుడు షేర్లు కొనడానికి, అమ్మడానికి సెనేట్ సభ్యత్వం అడ్డు కాదని, ఇకముందూ అలాగే చేస్తానని చెప్పాడు. సెనేట్ అతని మీద ఏ చర్యా తీసుకోలేదు.

ఏడాదికొక కాగితం

వివరాలు బహిరంగం చేయాలన్న ఆలోచన చట్టసభ గడప దాకా రావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1946లో సెనేటర్ వేన్ మోర్స్ అలాంటి ప్రతిపాదన తెచ్చారు. 1951లో అధ్యక్షుడు ట్రూమన్ కాంగ్రెస్‌ను నేరుగా కోరారు. రెండూ ముందుకు సాగలేదు. సెనేట్ ఉద్యోగి బాబీ బేకర్ వ్యాపారాల గుట్టు 1963లో రట్టయ్యాక, 1968లో ఉభయసభలూ పరిమితమైన నిబంధనలు పెట్టుకున్నాయి. వాటి కిందే 1976లో ఫ్లోరిడా ప్రతినిధి రాబర్ట్ సైక్స్ దొరికారు. ఫెయిర్‌చైల్డ్ ఇండస్ట్రీస్ షేర్లను, ఒక బ్యాంకులో ఉన్న వాటాను ఆయన వెల్లడించలేదు. సైనిక నిర్మాణాల కేటాయింపులు చూసే ఉపసంఘానికి ఆయనే అధ్యక్షులు కావడంతో ఆ దాపరికానికి బరువు పెరిగింది. సభ ఆయన్ను మందలించింది.

వాటర్‌గేట్ తర్వాతి ఊపులో 1978 అక్టోబరు 26న అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వ నైతిక చట్టంపై సంతకం చేశారు. దాని ప్రకారం ప్రతి సభ్యుడూ ఏటా మే 15 నాటికి గత సంవత్సరపు ఆస్తులు, ఆదాయం, అప్పులు, కొనుగోళ్లు, అమ్మకాలు ప్రకటించాలి. విలువలు కచ్చితంగా కాక విశాలమైన శ్రేణుల్లో ఇస్తే చాలు. కానీ లావాదేవీ తేదీ రాయాలి. ఎప్పుడు అన్న ప్రశ్నకు చట్టంలో చోటు దొరకడం అదే మొదలు. జాప్యం మాత్రం చాలా ఎక్కువ. జనవరిలో కొన్న షేరు సంగతి మరుసటి ఏడాది మే దాకా, అంటే 16 నెలలకు పైగా తెలియకపోవచ్చు. పైగా ఆ కాగితాలు చూడాలంటే వాషింగ్టన్‌లోని సభా కార్యాలయాలకు వెళ్లి అడగాలి. 1983లో ఇద్దరు మాజీ సెనేటర్లు, డెమొక్రాట్ ఫ్రాంక్ చర్చ్, రిపబ్లికన్ హ్యూ స్కాట్ కలిసి స్థాపించిన సెంటర్ ఫర్ రెస్పాన్సివ్ పాలిటిక్స్ వంటి సంస్థలు ఈ వివరాలను పోగుచేసి జనం ముందు పెట్టే పనిని తలకెత్తుకున్నాయి.

ఆ తేదీలే పరిశోధకులకు దారి చూపాయి. జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ జియోబ్రోవ్‌స్కీ బృందం 1993-98 మధ్య సెనేటర్ల కొనుగోళ్లను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించింది. వారు కొన్న షేర్లు మార్కెట్ కంటే ఏడాదికి సుమారు 12 శాతం ఎక్కువ లాభం ఇచ్చాయని తేల్చింది. ప్రతినిధుల సభపై 2011లో వచ్చిన అధ్యయనం ఈ తేడాను సుమారు 6 శాతంగా లెక్కగట్టింది. కానీ ఎగర్స్, హైన్‌ముల్లర్ 2013లో ప్రచురించిన పరిశోధన 2004-08 కాలాన్ని తీసుకుని తలకిందులైన ఫలితం చూపింది. సభ్యుల పెట్టుబడులు మార్కెట్ సూచీకంటే 2 నుంచి 3 శాతం వెనకబడ్డాయట. కాలం మారింది, పద్ధతి మారింది, జవాబూ మారింది. సభ్యులందరూ పదవితో లాభపడుతున్నారన్న ప్రచారానికి ఈ పరిశోధనలు గట్టి ఆధారం ఇవ్వవు. అసలు అంశం సగటు లాభం కాదు. ఫలానా సభ్యుడు ఫలానా రోజున ఏం తెలుసుకుని అమ్మాడన్నది సగటులో కనిపించదు.

నలభై అయిదు రోజులు

చట్టసభ పనిలో తెలిసిన రహస్యంతో షేర్లు కొంటే అది ఇన్‌సైడర్ ట్రేడింగ్ అవుతుందా అన్నది 2012 దాకా న్యాయవాదులు తర్జనభర్జన పడిన ప్రశ్న. కంపెనీ డైరెక్టరు వాటాదారులకు విధేయుడు. మరి సభ్యుడు ఎవరికి? ఈ ఖాళీని పూడ్చడానికి ప్రతినిధుల సభ సభ్యులు బ్రయన్ బెయర్డ్, లూయీజ్ స్లాటర్ 2006లో స్టాక్ చట్టం పేరుతో బిల్లు తెచ్చారు. అయిదేళ్లు అది కదలలేదు. 2011 నవంబరులో సీబీఎస్ టీవీ సిక్స్టీ మినిట్స్ కార్యక్రమం సభ్యుల షేర్ల బేరాలను ప్రసారం చేశాక నెలల్లోనే పరిస్థితి మారింది. సెనేట్‌లో 96-3, ప్రతినిధుల సభలో 417-2 ఓట్లతో నెగ్గిన బిల్లుపై 2012 ఏప్రిల్ 4న ఒబామా సంతకం చేశారు.

ఇన్‌సైడర్ ట్రేడింగ్ చట్టాల నుంచి సభ్యులకు మినహాయింపు లేదని అది తేల్చి చెప్పింది. 1,000 డాలర్లు దాటిన ప్రతి లావాదేవీని, భార్య లేదా భర్త చేసినవాటితో సహా, గరిష్ఠంగా 45 రోజుల్లో ప్రకటించాలంది. 16 నెలల జాప్యం నెలన్నరకు దిగింది. ఆలస్యానికి మామూలు జరిమానా మాత్రం 200 డాలర్లే. వెతకడానికి, వరుసలో పెట్టడానికి వీలైన ఆన్‌లైన్ సమాచార నిధి ఏర్పాటు చేయాలని కూడా చట్టం చెప్పింది. 2013 ఏప్రిల్‌లో, ఏడాది తిరిగీ తిరక్కుండానే, ఉభయసభలూ చర్చ లేకుండా, ఓట్ల లెక్కింపు లేకుండా ఆ నిబంధనను తీసేశాయి. సభ్యుల ప్రకటనలు నెట్‌లో ఉంటాయి, అయితే విడివిడి పత్రాలుగా. కొన్ని చేతిరాతతో నింపి స్కాన్ చేసినవి. చదవచ్చు గానీ, గుట్టగా పోసి జల్లెడ పట్టడం కష్టం.

ఆ జల్లెడ పనిని స్వచ్ఛందులు, చిన్న కంపెనీలు అందుకున్నాయి. క్వివర్ క్వాంటిటేటివ్, అన్‌యూజువల్ వేల్స్, క్యాపిటల్ ట్రేడ్స్ వంటివి ప్రతి ప్రకటననూ పట్టికలోకి ఎక్కించి, సభ్యుడి కమిటీ, కంపెనీ రంగం, ఓటింగ్ తేదీలతో పక్కపక్కన పెడుతున్నాయి. 2023 ఫిబ్రవరిలో డెమొక్రాట్ల, రిపబ్లికన్ల కొనుగోళ్లను అనుకరించే రెండు ఫండ్లు మార్కెట్లోకి వచ్చాయి. ఒకదానికి నాన్సీ పెలోసీ పేరును, మరొకదానికి టెడ్ క్రూజ్ పేరును గుర్తుచేసే సంకేతాక్షరాలు పెట్టారు. సభ్యుణ్ణి అదుపులో ఉంచడానికి పుట్టిన సమాచారం సభ్యుడి వెంట డబ్బు పెట్టడానికి పనికొచ్చింది. కావలి కాయాల్సినవారు వాటా అడగడం మొదలుపెట్టారనాలి.

ఈ వ్యవస్థ బలమూ బలహీనతా ఒకేచోట చూడాలంటే ఉత్తర కరోలినా సెనేటర్ రిచర్డ్ బర్ ఉదంతం చాలు. 2012లో స్టాక్ చట్టాన్ని వ్యతిరేకించిన ముగ్గురు సెనేటర్లలో ఆయనొకరు. 2020లో సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ అధ్యక్షులు. ఫిబ్రవరి 7న, కరోనాను ఎదుర్కోవడానికి దేశం సిద్ధంగానే ఉందన్న ధోరణిలో ఆయన సహరచయితగా ఒక వ్యాసం వెలువడింది. ఫిబ్రవరి 13న ఆయన, ఆయన భార్య 33 లావాదేవీల్లో 6,28,000 నుంచి 17 లక్షల డాలర్ల మధ్య విలువైన షేర్లు అమ్మేశారు. వారం తర్వాత మార్కెట్ కూలడం మొదలైంది. మార్చి 19న ప్రోపబ్లికా వార్తాసంస్థ ఈ సంగతి బయటపెట్టింది. బహిరంగంగా అందుబాటులో ఉన్న వార్తల ఆధారంగానే అమ్మానని బర్ చెప్పారు. ఎఫ్‌బీఐ ఆయన ఫోన్ స్వాధీనం చేసుకుంది, ఆయన కమిటీ అధ్యక్ష స్థానం నుంచి తప్పుకున్నారు. 2021 జనవరిలో న్యాయశాఖ, 2023 జనవరిలో మార్కెట్ నియంత్రణ సంస్థ ఏ అభియోగమూ మోపకుండానే విచారణ ముగించాయి.

తేదీలు వరుసగా పెడితే ప్రశ్న పుడుతుంది, నేరం రుజువు కాదు. ఏ సమాచారం చూసి అమ్మాడో నిరూపించాలంటే చట్టసభలో జరిగినదాన్ని సాక్ష్యంగా తేవాలి. అక్కడ సభ్యుడి వాక్‌స్వేచ్ఛకు రాజ్యాంగం ఇచ్చిన రక్షణ అడ్డువస్తుంది. న్యూయార్క్ ప్రతినిధి క్రిస్ కాలిన్స్ ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసులో 2020లో 26 నెలల శిక్షకు గురైనా, ఆయన బయటపెట్టిన రహస్యం ఒక ఔషధ కంపెనీ డైరెక్టరుగా తెలిసింది, సభ్యుడిగా కాదు. అందుకే వెల్లడితో సరిపోదు, షేర్ల కొనుగోళ్లనే నిషేధించాలన్న వాదం రెండు పార్టీల్లోనూ బలపడింది. 2024 జూలైలో సెనేట్ కమిటీ ఒకటి అలాంటి బిల్లును 8-4తో ముందుకు పంపినా, ఆ సమావేశాల్లో అది చట్టం కాలేదు.

మన అఫిడవిట్‌లో లేని గడి

భారత పార్లమెంటు షేర్ల కొనుగోలును నిలదీసిన చరిత్ర పాతదే. 1957 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో ముంధ్రా వ్యవహారాన్ని లేవనెత్తారు. వ్యాపారి ముంధ్రా కంపెనీల్లో ప్రభుత్వ బీమా సంస్థ ఎల్ఐసీ 1.24 కోట్ల రూపాయలు ఎందుకు పెట్టిందని అడిగారు. చాగ్లా కమిషన్ విచారణ తర్వాత ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అయితే అది ప్రభుత్వ సంస్థ కొన్న షేర్ల సంగతి. సభ్యుల సొంత షేర్ల ప్రశ్నకు మరో 45 ఏళ్లు పట్టింది. అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు 1999లో నెలకొల్పిన అసోసియేషన్ ఫర్ డెమోక్రాటిక్ రిఫార్మ్స్ వేసిన కేసులో, అభ్యర్థుల ఆస్తులు తెలుసుకోవడం ఓటరు హక్కని 2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దాన్ని నీరుగార్చడానికి తెచ్చిన చట్ట సవరణను 2003 మార్చి 13న కొట్టేసింది.

ఆ తీర్పుల ఫలమే నామినేషన్‌తో పాటు అఫిడవిట్‌గా ఇచ్చే 26వ నంబరు ఫారం. తెలుగువారు దాని విలువను 2024 ఎన్నికల్లో బాగా చూశారు. గుంటూరు లోక్‌సభ అభ్యర్థి పెమ్మసాని చంద్రశేఖర్ 5,700 కోట్లకు పైగా కుటుంబ ఆస్తి ప్రకటించారు. చేవెళ్లలో కొండా విశ్వేశ్వర్ రెడ్డి 4,500 కోట్లకు పైగా చూపారు, ఆయన కుటుంబానికి ఉన్న అపోలో హాస్పిటల్స్ షేర్ల వివరాలు అందులో ఉన్నాయి. ఈ అంకెలు తెలియడం చిన్న విషయం కాదు. కానీ అవి నామినేషన్ నాటి చిత్రం మాత్రమే. గెలిచిన సభ్యుడు ప్రమాణం చేసిన 90 రోజుల్లో సభాపతికి మరో ప్రకటన ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 75ఎ సెక్షన్ చెబుతుంది. ఆ రిజిస్టరు చూడాలంటే సభాపతి అనుమతి కావాలి. ఆ తర్వాత అయిదేళ్లలో ఏ షేరు కొన్నారు, ఏది అమ్మారు అన్నది ఎప్పటికప్పుడు ప్రజలకు చెప్పాలన్న నియమం లేదు.

మనకు అలాంటి సమాచారం దొరికితే చట్టసభ నుంచి కాదు, స్టాక్ ఎక్స్‌ఛేంజీ నుంచి. 2024 జూన్‌లో ఎన్నికల ఫలితాల తర్వాత హెరిటేజ్ ఫుడ్స్ షేరు ఎగబాకినప్పుడు చంద్రబాబు నాయుడు కుటుంబ వాటా విలువ ఎంత పెరిగిందో పత్రికలు వెంటనే లెక్కగట్టగలిగాయి. లిస్టయిన కంపెనీలు ప్రమోటర్ల వాటాలను మూడు నెలలకోసారి ప్రకటించాలన్న సెబీ నియమమే దానికి ఆధారం. వాటా ఉండటం తప్పు కాదు, ధర పెరగడమూ తప్పు కాదు. గమనించాల్సింది ఒక్కటే. ప్రమోటర్ కాని సభ్యుడు మామూలు మదుపరిగా నడిపే బేరాలపై ఆ వెలుగు పడదు.

26వ ఫారంలో భూమికి కేటాయించిన గడులు చూస్తే ఈ లోటు స్పష్టమవుతుంది. సొంతంగా సంపాదించినదైతే కొన్న తేదీ, అప్పటి ధర, ఇప్పటి విలువ రాయాలి. షేర్లకు, మ్యూచువల్ ఫండ్లకు పేరు, మొత్తం చాలు. నాయకుల సంపద అంటే పొలాలు, స్థలాలేనన్న కాలపు అంచనా ఆ ఫారంలో మిగిలిపోయింది. ప్రాజెక్టు ప్రకటనకు ముందు కొన్న భూమిని పట్టుకోవడానికి తేదీ కావాలని ఒప్పుకున్న వ్యవస్థ, విధాన నిర్ణయానికి ముందు కొన్న షేరుకు అదే కొలత పెట్టలేదు. అమెరికా అనుభవం చూస్తే తేదీ ఒక్కటే దోషిని పట్టివ్వదు, తేదీ లేకపోతే మాత్రం ప్రశ్న అడగడమే సాధ్యం కాదు. షేర్లను నిషేధించాలా వద్దా అన్న పెద్ద చర్చ జరిగేలోపు ఫారంలో ఒక గడి చేర్చవచ్చు, దాన్ని ఏటా నింపమనవచ్చు. సభ్యుల ఓట్ల తేదీలు పార్లమెంటు రికార్డుల్లో ఇప్పటికే ఉన్నాయి. వాటి పక్కన పెట్టి చూడటానికి రెండో తేదీ కావాలి.